మదర్‌బోర్డ్ మారిస్తే విండోస్ ఎందుకు లాక్ అవుతుంది? కంప్యూటర్‌లో దాగున్న ‘హార్డ్‌వేర్ తాళం’ కథేంటి?

ల్యాప్‌టాప్ పాడైంది. సర్వీస్ సెంటర్‌లో మదర్‌బోర్డ్ మార్చారు. ఇంటికి తెచ్చి ఆన్ చేస్తే స్క్రీన్ మూలన ‘యాక్టివేట్ విండోస్’ అనే మెసేజ్! అదే డిస్క్, అదే విండోస్, అదే పాస్‌వర్డ్. అయినా సిస్టమ్ మాత్రం కొత్త మెషిన్‌ను చూసినట్టు చూస్తోంది. కొందరికైతే ఇంతకంటే పెద్ద షాక్. 48 అంకెల రికవరీ కీ కొడితే తప్ప లోపలున్న ఫొటోలు, ఫైళ్లు ఒక్కటి కూడా తెరుచుకోవు.

ఇది వైరస్ పని కాదు. చాలాసార్లు మెకానిక్ తప్పు కూడా కాదు. ఆపరేటింగ్ సిస్టమ్‌ను, అందులోని డేటాను ఒక నిర్దిష్ట మెషిన్‌కు కట్టేసే ‘హార్డ్‌వేర్ లాక్’ ప్రభావం ఇది. కాపీలు కొట్టకుండా ఆపడానికి మొదలైన ఈ ఏర్పాటు ఇప్పుడు ఏ కంప్యూటర్‌లో ఏ విండోస్ నడవాలి, ఏ స్క్రీన్ మీద ఏ క్వాలిటీలో సినిమా కనిపించాలి అనేదాకా వెళ్లింది. అసలు ఈ తాళం ఎలా పనిచేస్తుంది? దీనివల్ల లాభం ఎవరికి, ఇబ్బంది ఎవరికి? పాత సిస్టమ్ రిపేర్ చేయించేవాళ్లు, సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఏం తెలుసుకోవాలి? పూర్తి వివరాలు చూద్దాం.

మీరు కొన్నది విండోస్ కాదు.. లైసెన్స్!

ముందుగా ఒక విషయం క్లియర్‌గా అర్థం చేసుకోవాలి. విండోస్ ఉన్న ల్యాప్‌టాప్ కొన్నప్పుడు విండోస్ మీ సొంతం కాదు. దాన్ని వాడుకునే అనుమతి మాత్రమే మీకు వస్తుంది. దాన్నే లైసెన్స్ అంటారు. మామూలు వినియోగదారులకు దొరికే లైసెన్స్‌లు ప్రధానంగా రెండు రకాలు.

మొదటిది ఓఈఎం లైసెన్స్. అంటే ల్యాప్‌టాప్ లేదా డెస్క్‌టాప్ తయారు చేసిన కంపెనీయే ముందుగా విండోస్ వేసి ఇచ్చేది. ఇది ఆ మెషిన్‌తోనే పుడుతుంది, ఆ మెషిన్‌తోనే పోతుంది. వేరే కంప్యూటర్‌కు మార్చుకునే వీలుండదు. రెండోది రిటైల్ లైసెన్స్. విడిగా డబ్బు కట్టి కొనుక్కునేది. పాత మెషిన్‌లో తీసేసి కొత్త మెషిన్‌లో వేసుకోవచ్చు. కాకపోతే ఒకేసారి రెండింటిలో వాడకూడదు.

మరి ‘మెషిన్’ అంటే ఏంటి? ర్యామ్ మారిస్తే అది కొత్త మెషిన్ అవుతుందా? హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేస్తే? మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం కంప్యూటర్‌కు గుండెకాయ మదర్‌బోర్డే. ర్యామ్, డిస్క్ లాంటివి మార్చుకున్నా సాధారణంగా సమస్య ఉండదు. మదర్‌బోర్డ్‌ను అప్‌గ్రేడ్ కోసం మారిస్తే మాత్రం అది కొత్త కంప్యూటర్ కిందే లెక్క. పాడైన బోర్డు బదులు కంపెనీయే దానికి సరిపోయే బోర్డు వేసి ఇస్తే ఓఈఎం లైసెన్స్ కొనసాగుతుంది. మన దగ్గర వచ్చే గొడవల్లో చాలావరకు ఈ తేడా తెలియకపోవడం వల్లే. సికింద్రాబాద్ సీటీసీ లాంటి మార్కెట్లలో పాత బోర్డు తెచ్చి వేయిస్తే ల్యాప్‌టాప్ నడుస్తుంది కానీ లైసెన్స్ దాంతో పాటు నడవకపోవచ్చు.

సీడీ మీద నుంచి మెషిన్ మీదకు మారిన కాపలా

సాఫ్ట్‌వేర్ కాపీల గొడవ ఇవాళ్టిది కాదు. 1976లోనే బిల్ గేట్స్ కంప్యూటర్ హాబీయిస్టులకు ఒక బహిరంగ లేఖ రాశారు. తాము రాసిన ఆల్టెయిర్ బేసిక్‌ను డబ్బు కట్టకుండా కాపీ చేసుకుంటున్నారని, అలా అయితే మంచి సాఫ్ట్‌వేర్ ఎవరు రాస్తారని అందులో ప్రశ్నించారు. ఆ తర్వాత చాలా ఏళ్లు విండోస్‌కు కాపలా అంటే సీడీ కవర్ మీద ఉండే ప్రొడక్ట్ కీ మాత్రమే. ఒక కీ తెలిస్తే చాలు, ఒకే సీడీతో ఎన్ని సిస్టమ్‌లలోనైనా ఇన్‌స్టాల్ చేసేయొచ్చు. కీ నిజమైనదా కాదా అని సీడీ చూస్తుంది తప్ప, ఇది ఎన్నో కంప్యూటర్ అని అడిగేవాళ్లే లేరు.

2001 అక్టోబర్ 25న వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో సీన్ మారింది. ‘ప్రొడక్ట్ యాక్టివేషన్’ అనే కొత్త పద్ధతి తెరపైకి వచ్చింది. ప్రాసెసర్, హార్డ్ డిస్క్, గ్రాఫిక్స్ కార్డ్, నెట్‌వర్క్ కార్డ్, ర్యామ్ సైజు లాంటి వివరాలు తీసుకుని ఆ కంప్యూటర్‌కు ఒక ‘వేలిముద్ర’ లాంటి కోడ్ తయారు చేసేవారు. ఆ కోడ్, ప్రొడక్ట్ కీ కలిపి మైక్రోసాఫ్ట్ సర్వర్‌కు వెళ్లేవి. 30 రోజుల్లోగా యాక్టివేట్ చేసుకోకపోతే విండోస్ లోపలికి రానిచ్చేది కాదు.

ఇంటర్నెట్ లేనివాళ్ల పరిస్థితి ఏంటి? ఫోన్ చేసి స్క్రీన్ మీద కనిపించే 50 అంకెలు చదివి వినిపించాలి. అవతలి నుంచి చెప్పే అంకెలు మళ్లీ టైప్ చేయాలి. ఒకటి తప్పు పడితే మళ్లీ మొదటికే!

ఒకటి రెండు పార్టులు మారితే ఎక్స్‌పీ చూసీ చూడనట్టు వదిలేసేది. ఎక్కువ పార్టులు మారితే మాత్రం ‘ఇది వేరే కంప్యూటర్’ అనుకుని మళ్లీ యాక్టివేషన్ అడిగేది. ఈ కాపలాలోనూ పెద్ద కన్నం ఉంది. పెద్ద సంస్థలు వందల సిస్టమ్‌లలో ఒకేసారి వేసుకోవడానికి ఇచ్చే వాల్యూమ్ ఎడిషన్‌కు ఈ యాక్టివేషన్ అవసరం లేదు. అలాంటి ఒక కీ ఎక్స్‌పీ మార్కెట్లోకి రాకముందే లీకై ప్రపంచమంతా తిరిగింది. చివరకు 2002లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 1లో ఆ కీని మైక్రోసాఫ్ట్ బ్లాక్ చేయాల్సి వచ్చింది. అంటే నిజాయతీగా డబ్బు కట్టి కొన్నవాళ్లు ఫోన్‌లో అంకెలు చదువుతూ కూర్చుంటే, దొంగ కాపీ వాడినవాళ్లు మాత్రం ఏ అడ్డూ లేకుండా వాడుకున్నారన్నమాట. ఈ విచిత్రం ఆ తర్వాత కూడా చాలాసార్లు రిపీట్ అయింది.

బయోస్‌లో దాచిన కీ

ఏటా లక్షల సంఖ్యలో ల్యాప్‌టాప్‌లు అమ్మే కంపెనీలు ఒక్కొక్క కస్టమర్‌తో యాక్టివేట్ చేయించడం కష్టం. అందుకే వాళ్లకు ఇంకో దారి చూపించారు. ఆ కంపెనీ కంప్యూటర్ల బయోస్‌లో ఒక గుర్తు పెడతారు. విండోస్ ఆన్ అయ్యేటప్పుడు ఆ గుర్తును వెతుకుతుంది. కనిపిస్తే ఓకే, ఇంటర్నెట్‌తో పని లేకుండానే యాక్టివేట్ అయిపోతుంది. ఎక్స్‌పీ కాలంలో ఇది మామూలు పదాల రూపంలో ఉండేది. విస్టా, విండోస్ 7 నాటికి డిజిటల్ సంతకం ఉన్న టేబుల్‌గా మారింది.

అయితే ఒక కంపెనీ తయారు చేసిన మెషిన్లన్నింటికీ దాదాపు ఒకే కీ, ఒకే రకం గుర్తు. దాంతో పైరసీ ముఠాలు ఆ గుర్తునే నకలు చేశాయి. విండోస్ ఆన్ అవ్వడానికి కాస్త ముందు ఒక చిన్న ప్రోగ్రామ్ లేచి, బయోస్‌లో ఆ టేబుల్ ఉన్నట్టు నటిస్తుంది. విండోస్ నమ్మేస్తుంది. విండోస్ 7 రోజుల్లో ఇలాంటి ‘లోడర్’ల హవా అంతా ఇంతా కాదు.

2012లో వచ్చిన విండోస్ 8తో ఈ లూప్‌హోల్‌కు చెక్ పెట్టారు. ఫ్యాక్టరీలోనే ఒక్కో మదర్‌బోర్డ్ ఫర్మ్‌వేర్‌లో ఒక్కో ప్రత్యేకమైన కీ రాసే పద్ధతి తెచ్చారు. ల్యాప్‌టాప్ అడుగున స్టిక్కర్ మీద కనిపించే 25 అక్షరాల కీ అప్పటి నుంచి మాయమైంది అందుకే. ఇప్పుడు మీ కీ స్టిక్కర్ మీద లేదు, బోర్డు లోపల ఉంది. బోర్డు పోతే కీ కూడా దాంతో పాటే పోయినట్టు!

2015లో వచ్చిన విండోస్ 10తో ఇంకో అడుగు ముందుకు పడింది. ఇప్పుడు దాన్ని ‘డిజిటల్ లైసెన్స్’ అంటున్నారు. కీ టైప్ చేయాల్సిన పని కూడా లేదు. మీ హార్డ్‌వేర్ వేలిముద్ర మైక్రోసాఫ్ట్ సర్వర్‌లో నమోదై ఉంటుంది. డిస్క్ మొత్తం ఫార్మాట్ చేసి మళ్లీ అదే ఎడిషన్ వేసినా, నెట్ కనెక్ట్ కాగానే దానంతట అదే యాక్టివేట్ అవుతుంది. 2016 ఆగస్టులో వచ్చిన అప్‌డేట్ నుంచి ఈ లైసెన్స్‌ను మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కు లింక్ చేసుకునే సదుపాయం కూడా ఇచ్చారు. హార్డ్‌వేర్ మారినప్పుడు ఈ లింకే అక్కరకొస్తుంది.

యాపిల్ రూటే వేరు

మైక్రోసాఫ్ట్ ఎవరి కంప్యూటర్‌లోనైనా నడిచే సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది. యాపిల్ అలా కాదు. మ్యాక్ కంప్యూటర్, మ్యాక్ ఓఎస్ రెండూ దానివే. మ్యాక్ ఓఎస్‌ను యాపిల్ బ్రాండ్ మెషిన్లలో తప్ప వేరే వాటిలో వాడకూడదని లైసెన్స్‌లోనే రాసి ఉంటుంది.

2005లో యాపిల్ తన మ్యాక్‌లను ఇంటెల్ ప్రాసెసర్‌లకు మారుస్తున్నట్టు ప్రకటించింది. దాంతో మామూలు పీసీలో, మ్యాక్‌లో ఉండే ప్రాసెసర్ దాదాపు ఒకటే అయింది. మరి మ్యాక్ ఓఎస్‌ను తక్కువ ధర పీసీలో వేసేస్తే? అది జరగకుండా సిస్టమ్‌లోని కొన్ని ముఖ్యమైన ప్రోగ్రామ్‌లను యాపిల్ ఎన్‌క్రిప్ట్ చేసింది. వాటిని విప్పే కీ మ్యాక్ బోర్డు మీదున్న ఒక చిన్న కంట్రోలర్ చిప్‌లో ఉంటుంది. ఈ పని చూసుకునే ఫైల్‌కు యాపిల్ పెట్టిన పేరు ‘డోంట్ స్టీల్ మ్యాక్ ఓఎస్ ఎక్స్’. అంటే ‘మ్యాక్ ఓఎస్‌ను దొంగిలించకండి’ అని పేరులోనే రిక్వెస్ట్ చేసింది!

అయినా ‘హ్యాకింటాష్’ పేరుతో సొంతంగా ప్రయోగాలు చేసేవాళ్లు ఆగలేదు. 2008లో అమెరికాలోని ఫ్లోరిడాకు చెందిన సైస్టార్ అనే కంపెనీ ఏకంగా మ్యాక్ ఓఎస్ వేసిన పీసీలనే అమ్మకానికి పెట్టింది. తాము ఒరిజినల్ డీవీడీలు కొనే ఇస్తున్నామని వాదించింది. యాపిల్ కోర్టుకెక్కింది. 2009లో తీర్పు యాపిల్‌కు అనుకూలంగా వచ్చింది. 2011లో అప్పీల్ కోర్టు కూడా దాన్నే సమర్థించింది. డీవీడీ డబ్బు పెట్టి కొన్నా, దాన్ని ఏ మెషిన్‌లో వాడాలనేది లైసెన్స్ ఇచ్చే కంపెనీయే నిర్ణయించొచ్చని ఈ కేసుతో తేలిపోయింది. ఇప్పుడు యాపిల్ సొంత చిప్‌లకు మారిపోయింది. ఇంటెల్ మ్యాక్‌లకు ‘టాహో’యే చివరి మ్యాక్ ఓఎస్ అని 2025లో ప్రకటించింది. అంటే హ్యాకింటాష్ దారి కూడా మూసుకుపోతున్నట్టే.

టీపీఎం చిప్ ఎందుకు వచ్చింది?

ఇక విండోస్ 11తో అందరి నోళ్లలో నానిన పేరు టీపీఎం. దీని వెనక పాతికేళ్ల చరిత్ర ఉంది.

1999లో ఇంటెల్ పెంటియం 3 ప్రాసెసర్‌లో సాఫ్ట్‌వేర్ చదవగలిగే సీరియల్ నంబర్ పెట్టింది. ప్రతి కంప్యూటర్‌నూ గుర్తుపట్టేస్తారు, ఎవరు ఏం చూస్తున్నారో ట్రాక్ చేస్తారు అంటూ ప్రైవసీ సంస్థలు మండిపడ్డాయి. ఇంటెల్ వెనక్కి తగ్గింది. తర్వాతి తరం చిప్‌లలో దాన్ని పెట్టలేదు. అదే ఏడాది కంపాక్, హెచ్‌పీ, ఐబీఎం, ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి నమ్మదగిన కంప్యూటర్‌ల కోసం ఒక కూటమి పెట్టాయి. 2003లో అది ట్రస్టెడ్ కంప్యూటింగ్ గ్రూప్‌గా మారింది. టీపీఎం ప్రమాణాలు రూపొందించేది ఈ సంస్థే.

2002లో మైక్రోసాఫ్ట్ ‘పల్లాడియం’ అనే ప్రాజెక్ట్ ప్రకటించినప్పుడు వివాదం ముదిరింది. కంప్యూటర్ యజమానిని కాపాడటానికా, యజమాని నుంచి సాఫ్ట్‌వేర్‌ను, సినిమాలను కాపాడటానికా ఈ చిప్ అని కేంబ్రిడ్జ్ ప్రొఫెసర్ రాస్ ఆండర్సన్ లాంటి నిపుణులు ప్రశ్నించారు. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమకారుడు రిచర్డ్ స్టాల్‌మన్ అయితే దీన్ని ‘ట్రెచరస్ కంప్యూటింగ్’ అని పిలిచారు. నమ్మించి మోసం చేసే కంప్యూటింగ్ అని అర్థం. పల్లాడియం అనుకున్న రూపంలో రాలేదు. చిప్ మాత్రం నిలబడింది.

సింపుల్‌గా చెప్పాలంటే టీపీఎం ఒక చిన్న లాకర్. కొన్ని సిస్టమ్‌లలో విడి చిప్‌గా, చాలావాటిలో ప్రాసెసర్ ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది. రహస్య కీలు దీని లోపలే పుడతాయి, బయటకు రావు. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు ఏయే ప్రోగ్రామ్‌లు లేచాయో వాటి లెక్క రాసుకుంటుంది. ఆ లెక్కలో తేడా వస్తే లాకర్‌లోని కీని ఇవ్వదు. దొంగ చేతికి ల్యాప్‌టాప్ దొరికినా డిస్క్‌లోని డేటా చదవలేడంటే కారణం ఇదే.

ఇక్కడ చాలామంది పొరబడే పాయింట్ ఒకటుంది. టీపీఎం విండోస్ లైసెన్స్ చెక్ చేసే యంత్రం కాదు. యాక్టివేషన్ పని వేరు, టీపీఎం పని వేరు. కానీ ఈ రెండింటి ఫలితం యూజర్‌కు ఒకేలా కనిపిస్తుంది. బోర్డు మారితే లైసెన్స్ దొరకదు, బోర్డు మారితే డేటా కీ కూడా దొరకదు.

సినిమాకు కూడా తాళమే!

కాపీ ప్రొటెక్షన్ ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గరే ఆగలేదు. అందులో చూసే సినిమాకూ హార్డ్‌వేర్ అనుమతి కావాలి. 2007లో అందరికీ అందుబాటులోకి వచ్చిన విండోస్ విస్టాలో, హైక్వాలిటీ వీడియో డిస్క్ నుంచి స్క్రీన్ దాకా వెళ్లే దారి మొత్తానికి రక్షణ పెట్టారు. మధ్యలో ఏ పరికరమైనా ‘నమ్మదగింది’ కాకపోతే వీడియో క్వాలిటీ తగ్గించడం లేదా ఆపేయడం చేస్తుంది.

ఫోన్‌లలో ఇది మనవాళ్లకు బాగా తెలిసిన సంగతే. ఆండ్రాయిడ్ ఫోన్‌లో గూగుల్ వైడ్‌వైన్ ఎల్1 ఉంటేనే నెట్‌ఫ్లిక్స్ హెచ్‌డీలో వస్తుంది. ఎల్1 అంటే వీడియోను విప్పే పని ప్రాసెసర్‌లోని సురక్షిత భాగంలోనే జరగాలి. ఎల్3 అయితే సాఫ్ట్‌వేర్‌తోనే సరిపెడతారు, అందుకే క్వాలిటీ తగ్గిస్తారు. 2018లో వచ్చిన పోకో ఎఫ్1 ఇందుకు ఉదాహరణ. పవర్‌ఫుల్ ప్రాసెసర్ ఉన్నా మొదట్లో ఎల్3 మాత్రమే ఉండటంతో నెట్‌ఫ్లిక్స్ హెచ్‌డీ రాలేదు. ఎల్1 తర్వాతి అప్‌డేట్‌లో ఇచ్చారు.

కంప్యూటర్లలో ఇంకో వింత జరిగింది. 4కే బ్లూరే డిస్క్ పీసీలో ఆడాలంటే ఇంటెల్ ప్రాసెసర్‌లో ఎస్‌జీఎక్స్ అనే సెక్యూరిటీ ఫీచర్ ఉండాలని రూల్. కొన్నేళ్లకు ఇంటెల్ తన 11, 12వ తరం కోర్ ప్రాసెసర్‌ల నుంచి ఆ ఫీచర్‌ను తప్పించింది. ఫలితం? డబ్బు పెట్టి కొన్న ఒరిజినల్ డిస్క్ పాత పీసీలో ఆడుతుంది, కొత్త పీసీలో ఆడదు! హార్డ్‌వేర్ తాళంతో ఉన్న అసలు చిక్కు ఇదే. ఆ తాళం తయారీ ఆగిపోతే, లోపలున్నది మీదే అయినా తలుపు తెరుచుకోదు.

విండోస్ 11: పనిచేసే కంప్యూటర్‌కు ‘నో ఎంట్రీ’

2021 అక్టోబర్ 5న విండోస్ 11 విడుదలైంది. టీపీఎం 2.0, సెక్యూర్ బూట్, దాదాపుగా ఇంటెల్ 8వ తరం లేదా ఏఎండీ రైజెన్ 2000 సిరీస్ ఆపై ప్రాసెసర్ ఉండాలని మైక్రోసాఫ్ట్ షరతు పెట్టింది. సెక్యూరిటీ కోసమే ఈ నిబంధనలని చెప్పింది.

అసలు అడ్డంకి చాలామందికి టీపీఎం కాదు. 2016 జులై చివరి నుంచే కొత్త విండోస్ 10 కంప్యూటర్‌లలో టీపీఎం 2.0 ఉండాలని మైక్రోసాఫ్ట్ రూల్ పెట్టింది. కాబట్టి 6, 7వ తరం ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటిలో టీపీఎం ఉంది. వాటిని ఆపేసింది ప్రాసెసర్ లిస్ట్. 7వ తరంలో కొన్ని మోడళ్లకు తప్ప మిగతావాటికి ఎంట్రీ లేదు.

విండోస్ 10కు ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్‌లు 2025 అక్టోబర్ 14తో ముగిశాయి. సాధారణ యూజర్లకు 2026 అక్టోబర్ 13 వరకు అదనపు సెక్యూరిటీ అప్‌డేట్‌ల ప్రోగ్రామ్ ప్రకటించారు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెట్టింగ్స్ సింక్ చేస్తే ఫ్రీ. లేదంటే 1,000 రివార్డ్స్ పాయింట్లు, లేదా 30 డాలర్లు. ఆన్‌లైన్ క్లాసులు, బ్యాంక్ పనులు, మీసేవ అప్లికేషన్లు అన్నింటికీ శుభ్రంగా సరిపోయే కంప్యూటర్ కూడా అప్‌డేట్‌లు లేకపోతే హ్యాకర్లకు సులువైన టార్గెట్ అవుతుంది. అలాగని పారేస్తే ఈ-వేస్ట్. సామాన్యుడి జేబు మీద పడే అసలు భారం ఇక్కడే ఉంది.

డేటా పోతే బాధ్యత ఎవరిది?

లైసెన్స్ పోతే డబ్బు పెట్టి ఇంకోటి కొనుక్కోవచ్చు. డేటా పోతే? 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డిస్క్ దానంతట అదే ఎన్‌క్రిప్ట్ అయ్యే కంప్యూటర్ల పరిధి బాగా పెరిగింది. చాలామందికి తమ డిస్క్ లాక్ అయి ఉందన్న సంగతే తెలియదు. బోర్డు మార్చినప్పుడో, కొన్నిసార్లు బయోస్ అప్‌డేట్ చేసినప్పుడో ఒక్కసారిగా నీలం స్క్రీన్ మీద ‘బిట్‌లాకర్ రికవరీ’ అని వస్తుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, రిపేర్ కోసం ఇస్తే మొత్తం డేటాకే ఎసరు వస్తుంది. రికవరీ కీ లేకపోతే మైక్రోసాఫ్ట్ సపోర్ట్ కూడా ఆ డిస్క్‌ను తెరిచి ఇవ్వలేదు.

ఇది పెద్ద సంస్థలకూ తప్పలేదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్ లోపంతో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. వాటిని బాగు చేయడానికి చాలాచోట్ల ఐటీ సిబ్బంది ఒక్కో మెషిన్ దగ్గరకు వెళ్లి 48 అంకెల కీ టైప్ చేయాల్సి వచ్చింది. అదే నెలలో విండోస్ సెక్యూరిటీ అప్‌డేట్ ఒకటి వేశాక కొన్ని కంప్యూటర్లు రికవరీ కీ అడుగుతున్నాయని మైక్రోసాఫ్ట్ స్వయంగా ఒప్పుకుంది.

క్రాక్ వేస్తే పోలా?

‘ఇదంతా ఎందుకు, యాక్టివేటర్ వేస్తే అయిపోతుందిగా’ అనే సలహా ప్రతి గల్లీలోనూ దొరుకుతుంది. కానీ రిస్క్ చిన్నది కాదు. యాక్టివేటర్ నడవాలంటే ముందు యాంటీవైరస్ ఆపేయమంటారు. అడ్మిన్ పర్మిషన్ ఇవ్వమంటారు. అంటే తలుపులన్నీ మనమే తీసి పెట్టినట్టు. కేఎంఎస్ పికో పేరుతో తిరిగే నకిలీ ఇన్‌స్టాలర్‌లో పాస్‌వర్డ్‌లు, క్రిప్టో వాలెట్‌ల వివరాలు దొంగిలించే క్రిప్ట్‌బాట్ మాల్‌వేర్ ఉన్నట్టు 2021లో రెడ్ కానరీ అనే సైబర్ సెక్యూరిటీ సంస్థ బయటపెట్టింది.

చట్టం కూడా గట్టిగానే ఉంది. మన కాపీరైట్ చట్టంలోని సెక్షన్ 63బీ ప్రకారం, దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంటుంది. వ్యాపార లాభం కోసం వాడలేదని తేలితే కోర్టు శిక్ష తగ్గించొచ్చు. 2012 సవరణతో వచ్చిన సెక్షన్ 65ఏ ప్రకారం, కాపీరైట్ హక్కులను ఉల్లంఘించాలనే ఉద్దేశంతో రక్షణ తాళాన్ని పగలగొడితే 2 ఏళ్ల వరకు జైలు, జరిమానా కూడా పడొచ్చు.

ఇక ఆన్‌లైన్‌లో రెండు మూడు వందలకే దొరికే కీలు చాలావరకు పెద్ద సంస్థలకు ఇచ్చిన వాల్యూమ్ కీలో, వేరే మెషిన్‌లకు చెందిన ఓఈఎం కీలో అయి ఉంటాయి. ఈరోజు పనిచేసి రేపు బ్లాక్ కావచ్చు.

మీరు ఇప్పుడే చేయాల్సిన పనులు

రికవరీ కీ రాసిపెట్టుకోండి: సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్లి ‘డివైస్ ఎన్‌క్రిప్షన్’ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఆన్‌లో ఉంటే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి 48 అంకెల కీని కాగితం మీద రాసి భద్రంగా దాచుకోండి. అదే ల్యాప్‌టాప్‌లో సేవ్ చేస్తే ఉపయోగం లేదు.

లైసెన్స్ లింక్ చేసుకోండి: సెట్టింగ్స్, సిస్టమ్, యాక్టివేషన్‌లో ‘డిజిటల్ లైసెన్స్ లింక్డ్ టు యువర్ మైక్రోసాఫ్ట్ అకౌంట్’ అని కనిపించాలి. రిటైల్ లైసెన్స్ ఉన్నవాళ్లు హార్డ్‌వేర్ మార్చాక అక్కడే ట్రబుల్‌షూట్ నొక్కి, ‘హార్డ్‌వేర్ ఇటీవల మార్చాను’ అనే ఆప్షన్ ఎంచుకోవచ్చు.

రిపేర్‌కు ఇచ్చే ముందు: డేటా బ్యాకప్ తీసుకోండి. బోర్డు మార్పు, బయోస్ అప్‌డేట్ ఉంటే ముందే ఎన్‌క్రిప్షన్‌ను తాత్కాలికంగా ఆపించండి. కొత్త బోర్డుకు లైసెన్స్ వస్తుందా లేదా అని సర్వీస్ సెంటర్‌ను అడిగి బిల్లు మీద రాయించుకోండి.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు: షాపులోనే ఆన్ చేయించి, నెట్‌కు కనెక్ట్ చేసి యాక్టివేషన్ పేజీ చూడండి. పాత యజమాని అకౌంట్ తీసేసి, పూర్తిగా రీసెట్ చేయించాకే డబ్బు ఇవ్వండి. ప్రాసెసర్ ఏ తరందో కూడా చూడండి. 7వ తరం లేదా అంతకంటే పాతదైతే విండోస్ 11 అధికారికంగా రాదన్న లెక్కతోనే బేరమాడండి.

‘టీపీఎం లేదు’ అని వస్తే: వెంటనే కొత్త సిస్టమ్ కొనేయకండి. చాలా బోర్డులలో అది ఉండి కూడా ఆఫ్‌లో ఉంటుంది. బయోస్‌లో ఇంటెల్ అయితే పీటీటీ, ఏఎండీ అయితే ఎఫ్‌టీపీఎం అనే పేరుతో వెతకండి.

పాత సిస్టమ్ బాగుంటే: ఉబుంటు, లినక్స్ మింట్ లాంటి ఫ్రీ ఆపరేటింగ్ సిస్టమ్‌లకు లైసెన్స్ కీ అక్కర్లేదు. బ్రౌజింగ్, ఆఫీస్ పనులు, తెలుగు టైపింగ్ అన్నీ నడుస్తాయి. కాకపోతే ముందు పెన్‌డ్రైవ్ నుంచి ట్రై చేసి, ప్రింటర్, వైఫై పనిచేస్తున్నాయో చూసుకోవాలి.

కష్టపడి రాసిన సాఫ్ట్‌వేర్‌ను కాపాడుకునే హక్కు కంపెనీలకు ఉంది. దొంగ చేతికి చిక్కిన ల్యాప్‌టాప్‌లో మీ డేటాను కాపాడేదీ ఈ తాళాలే. కానీ తాళం మన ఇంటికే వేసి, చెవి ఎక్కడుందో మనకు చెప్పకపోతేనే చిక్కు. అందుకే కంప్యూటర్ కొనేటప్పుడు ర్యామ్ ఎంత, స్టోరేజ్ ఎంత అని అడిగినట్టే.. లైసెన్స్ ఏ రకం, రికవరీ కీ ఎక్కడుంది అని కూడా అడగండి. బోర్డు పోయిన రోజు ఈ రెండు ప్రశ్నలే మీ డబ్బును, డేటాను కాపాడతాయి.